ఒక చీర, ఇద్దరు కొన్నవాళ్లు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు చెప్పండి, పిల్లలకు పనికొస్తుంది" అని కార్యవర్గం వాళ్లు అడిగారు. మేం ముగ్గురం. ఒకరిది సోలాపూర్, ఒకరిది బరంపురం, ఒకరిది కంచి. మూడిళ్లలోనూ తాతల కాలం దాకా మగ్గం ఆడింది. ఒక ఇంట్లో ఇప్పటికీ ఆడుతోంది. మా ఉద్యోగం బ్యాకెండ్ పని. అంటే మీరు ఫోన్లో బొత్తాం నొక్కితే, ఆ నొక్కు ఎక్కడికి పోయి ఏం పని చేయించుకుని తిరిగి వస్తుందో, ఆ వెనక గది పని. మన సంఘాల చీరలు, దుప్పట్లు అమ్మే పేజీకి కూడా ఆ వెనక గది పని సాయంత్రాలు, ఆదివారాలు మేమే చూస్తున్నాం.

ఈ రోజు గొప్పలు చెప్పడానికి రాలేదు. ఒక తప్పు ఒప్పుకోవడానికి వచ్చాం. ఆ తప్పు ఎందుకు జరిగిందో చెబితే బ్యాకెండ్ అంటే ఏమిటో దానంతట అదే తెలిసిపోతుంది.

ఆ రోజు ఏమైందంటే

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ గుర్తుగా 2015 నుంచి ఈ రోజును జరుపుకుంటున్నాం. ఒక ఏడాది ఆ రోజున పొద్దున 10 గంటలకు అమ్మకం తెరుస్తామని మన వాట్సాప్ గ్రూపులన్నిటిలో చెప్పేశాం. జనం వస్తారని తెలుసు కాబట్టి ముందురోజు రాత్రే పెద్ద సర్వర్ అద్దెకు తీసుకున్నాం. ఇక భయం లేదనుకుని ధైర్యంగా పడుకున్నాం.

పది గంటలకు తెరిచాం. కొద్ది నిమిషాలకే తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. జనం ఊరుకుంటారా? మళ్లీ నొక్కారు, మళ్లీ మళ్లీ నొక్కారు. ఒక్కరి నొక్కు పది నొక్కులైంది. అరగంటకు గానీ పేజీ తేరుకోలేదు.

సాయంత్రం లెక్క చూస్తే అసలు దెబ్బ అప్పుడు తెలిసింది. ఒక పట్టుచీర, ఒక్కటంటే ఒక్కటే పీసు, ఇద్దరికి అమ్ముడైపోయింది. ఇద్దరి దగ్గరా డబ్బు పుచ్చుకున్నాం.

ముందు కొన్నావిడకు చీర పంపాం. రెండో ఆవిడకు డబ్బు తిరిగి ఇచ్చాం. ఆవిడ ఫోన్ చేసి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీ నేతవాళ్లు ఎక్కువ ధర ఇచ్చినవాళ్లకు ఇచ్చేసుకున్నారు కదా" అంది. ఆ చీర నేసిన పిన్నికి ఈ గొడవ సంగతే తెలీదు. పైగా లెక్క తేలేదాకా ఆమెకు రావలసిన డబ్బు కూడా ఆగిపోయింది. రోజుల తరబడి గుంటలో కాళ్లు పెట్టుకుని నేసింది ఆమె. మాట పడింది ఆమె. తప్పు చేసింది మేం.

అందుకే మొదటే చెప్తున్నాం. పెద్ద సిస్టమ్ అంటే పెద్ద మిషను కాదు. పదిమంది వచ్చినప్పుడు ఇచ్చిన మాటనే పదివేల మంది వచ్చినా నిలబెట్టుకునేది పెద్ద సిస్టమ్.

కండెలు చుట్టే అవ్వ

పెద్ద సర్వర్ తెచ్చినా పేజీ ఎందుకు పడిపోయింది? ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఆరు మగ్గాలకు ఒక్క అవ్వ కూర్చుని కండెలు చుడుతోందనుకోండి. బట్ట చాలడం లేదని ఇంకో ఆరు మగ్గాలు తెచ్చి వేస్తే బట్ట పెరుగుతుందా? పన్నెండు మంది నాడె పట్టుకుని అవ్వ వైపు చూస్తూ కూర్చుంటారు. మేం చేసింది సరిగ్గా అదే. మగ్గాలు కొన్నాం గానీ, కండెల దగ్గరకు పోయి చూడలేదు.

మా కండెల అవ్వ డేటాబేస్. అంటే లెడ్జరు పుస్తకం. ఏ చీర ఎవరిది, ధర ఎంత, ఉందా అమ్ముడైందా, అన్నీ అందులోనే. ఎవరు ఏ చీర చూసినా, ధర చూసినా, చివరికి ఫోటో చూసినా ఆ పుస్తకమే తెరవాలి.

లెక్క వేసి చూపిస్తాం. పుస్తకం ఒక్కసారి 20 మందికి చూపించగలం అనుకోండి. ఒక్కొక్కరికి అర సెకను పడుతుంది. అంటే సెకనుకు 40 మంది పని అవుతుంది. తలుపు దగ్గరకు సెకనుకు 200 మంది వస్తే? ప్రతి సెకనుకు 160 మంది మిగిలిపోతారు. ఒక్క నిమిషానికి 9,600 మంది వరసలో నిలబడతారు. వరస తగ్గదు, పెరుగుతూనే ఉంటుంది. బయట వేచి ఉన్నవాళ్లకు లోపల ఏం జరుగుతోందో తెలీదు, చక్రం మాత్రం తిరుగుతుంది.

దీని వెనక ఒక సూత్రం ఉంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేశాడు. లోపల ఉన్నవాళ్ల సంఖ్య ఎంతంటే, వచ్చేవాళ్ల వేగాన్ని ఒక్కొక్కరు లోపల ఉండే సమయంతో గుణించినంత. మన సంఘం లెక్కలో చెప్పాలంటే, రోజుకు 2 పడుగులు ఇస్తున్నారు, ఒక్కో పడుగు చీరలై తిరిగి రావడానికి 30 రోజులు పడుతుంది అనుకోండి. ఎప్పుడు పోయి చూసినా 60 పడుగులు బయట మగ్గాల మీద ఉంటాయి. ఇది మన గుమాస్తాలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆ 60ని తగ్గించాలంటే పడుగులు ఇవ్వడం తగ్గించాలి, లేదా 30 రోజులను తగ్గించాలి. వచ్చే జనాన్ని మనం తగ్గించుకోం కదా! కాబట్టి ఒక్కొక్కరికి పట్టే సమయం తగ్గించాలి.

అర సెకను ఎందుకు పడుతోందని చూస్తే సిగ్గేసింది. 50 చీరల జాబితా చూపించడానికి పుస్తకం 51 సార్లు తెరుస్తున్నాం. జాబితాకు ఒకసారి, తర్వాత ఒక్కో చీరకు ఒక్కోసారి. అన్నీ ఒకేసారి అడిగితే సరిపోయేది. పైగా పుస్తకానికి విషయసూచిక లేదు. ప్రతిసారీ మొదటి పేజీ నుంచి వెతకడమే. జాబితా ఒకేసారి అడిగేలా మార్చాం, సూచిక కట్టాం. పైన చెప్పిన లెక్కలో అర సెకను పని సెకనులో ఇరవయ్యో వంతుకు వస్తే, అదే 20 మందితో సెకనుకు 40 బదులు 400 మంది పని అవుతుంది. ఒక్క రూపాయి పెట్టి మిషను కొనలేదు.

ఏది పాతదైనా ఫరవాలేదు, ఏది కాకూడదు

రెండో పాఠం. అన్నిటికీ పుస్తకం తెరవనక్కర్లేదు. చీర ఫోటో, రంగు, పొడవు, నేసిన ఊరు పొద్దున ఉన్నట్టే సాయంత్రం ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసి గుమ్మం దగ్గరే తగిలిస్తే లోపలికి వచ్చే పనే లేదు. దీన్ని మా భాషలో క్యాష్ అంటారు. డబ్బు కాదండోయ్, దగ్గర పెట్టుకున్న నకలు.

కానీ "ఎన్ని ఉన్నాయి" అన్న మాట మాత్రం నకలులో చూసి చెప్పకూడదు. ఫోటో అయిదు నిమిషాల కిందటిదైనా ఎవరికీ నష్టం లేదు. లెక్క అయిదు నిమిషాల కిందటిదైతే చీర ఇద్దరికి పోతుంది. ఏది పాతదైనా ఫరవాలేదో, ఏది క్షణం కూడా పాతబడకూడదో ముందు కూర్చుని తేల్చుకోవాలి. బ్యాకెండ్ పనిలో సగం ఇదే. ఇది తేల్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు, అమ్మకం తెలిసిన పెద్దలు కావాలి. మేం మిమ్మల్ని అడగకుండానే మొదలుపెట్టాం.

చూడటం, రాయడం

ఇక అసలు తప్పు. మా ప్రోగ్రాము రెండు పనులు వేరువేరుగా చేసేది. ముందు పుస్తకం చూసి "ఒకటి ఉంది" అనుకునేది. తర్వాత డబ్బు తీసుకుని "అమ్ముడైంది" అని రాసేది. ఈ రెండింటి నడుమ సందు ఉంది. పేజీ బాగా నడిచే రోజు ఆ సందు కనురెప్పపాటు. ఆ రోజు అది నిమిషాలైంది. ఇద్దరూ ఒకే సందులో దూరారు. ఇద్దరికీ "ఒకటి ఉంది" అనే కనపడింది.

ఇప్పుడు రెండు పనులను ఒకే పని చేశాం. "ఇంకా ఒకటి ఉంటేనే దాన్ని సున్న చెయ్యి" అని పుస్తకానికి ఒకే ఆజ్ఞ. ఇద్దరు ఒక్కసారి అడిగినా పుస్తకం ఒకరి తర్వాత ఒకరినే తీసుకుంటుంది. మొదటివాళ్లకు "అయింది" అంటుంది, రెండోవాళ్లకు "లేదు" అంటుంది. ఆ "లేదు" డబ్బు కట్టక ముందే వినపడుతుంది. అయ్యో అనుకుంటారు గానీ మోసం అనుకోరు.

"అయింది" అన్నవాళ్లకు డబ్బు కట్టడానికి 10 నిమిషాలు చీర పక్కన పెడతాం. కట్టకపోతే మళ్లీ అలమారలోకి వస్తుంది. పదకొండో నిమిషంలో డబ్బు వస్తే? చీర ఇంకా ఉంటే వాళ్లదే. లేకపోతే ఎవరూ అడగకముందే డబ్బు తిరిగి పోతుంది. ఇలాంటి "అయితే?" అన్న ప్రశ్నలు ముందే వేసుకోవడమే డిజైన్.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు ఉంది. సిగ్నల్ సరిగా లేనిచోట కట్టిన డబ్బు పోయిందో లేదో తెలియక మళ్లీ నొక్కుతారు. అందుకని కట్టబోయే ముందే ఆ కొనుగోలుకు ఒక టోకెన్ నంబరు ఇస్తాం. అదే నంబరుతో పదిసార్లు నొక్కినా ఒక్క కొనుగోలే. సంఘంలో నూలు చీటీ లాంటిదే. ఒకే నంబరు చీటీకి రెండుసార్లు నూలు ఇవ్వరు కదా!

తొందర లేని పనులు

ఆర్డరు అయ్యాక చాలా పనులు ఉంటాయి. మెసేజ్ పంపాలి, బిల్లు తయారుచేయాలి, కొరియర్ వాళ్ల చీటీ రాయాలి, నేసినవాళ్లకు కబురు చెయ్యాలి. మొదట ఇవన్నీ అయ్యేదాకా కొన్నవాళ్లను నిలబెట్టేవాళ్లం. మెసేజ్ పంపే కంపెనీ ఆలస్యం చేస్తే అమ్మకమే ఆగేది. ఇప్పుడు అవన్నీ ఒక వరసలో రాసి పెడతాం. వెనక ఇంకో ప్రోగ్రాము తీరిగ్గా ఒక్కొక్కటే చేసుకుపోతుంది. మెసేజ్ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏం మునగదు. అయితే ఆ వరస పుస్తకంలో రాసి ఉండాలి, మిషను ఆగి మళ్లీ మొదలైనా పోకూడదు.

అలాగే తలుపు దగ్గర జనం మరీ ఎక్కువైతే అందరినీ లోపలికి తోయం. "మీ ముందు ఇంతమంది ఉన్నారు, ఆగండి" అని నిజం చెప్తాం. నిజం చెప్పిన వరసలో జనం నిలబడతారు. తిరిగే చక్రం ముందు నిలబడరు, మళ్లీ మళ్లీ నొక్కుతారు.

పెద్దవాళ్లు ఎలా చేస్తున్నారు

పెద్ద ఎత్తున చేసేవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఉంది. 2019 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో మనవాళ్లు న్యూజిలాండ్‌తో ఆడినప్పుడు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.5 కోట్ల మందికి పైగా చూశారు. 2023 ఫైనల్‌కు అది 5.9 కోట్లు. అక్కడ బరువు ఆట చూపించడంలోనే లేదు. వికెట్ పడి జనం అంతా ఒక్కసారిగా వెనక్కి నొక్కితే ఆ బరువంతా మొదటి పేజీ మీద పడుతుంది. కొత్త మిషను లేవడానికి కొంత సమయం పడుతుంది, జనం మాత్రం క్షణాల్లో వచ్చి పడతారు. అందుకే మిషన్లను ముందే సిద్ధంగా పెట్టుకుంటారు. రద్దీలో అవసరం లేని సేవలు కాసేపు ఆపేసి ఆటను మాత్రం ఆగనివ్వరు.

యూపీఐ సంగతి చూడండి. 2016లో మొదలైంది. 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో 1,000 కోట్ల చెల్లింపులు దాటింది. భాగిస్తే సగటున సెకనుకు 3,700 పైన. అంత పెద్ద ఏర్పాటులో కూడా అప్పుడప్పుడు "పెండింగ్" అని కనపడుతుంది చూశారా? అది చేతకానితనం కాదు, నిజాయితీ. బదులు రాకముందే "అయింది" అనడం కన్నా "ఇంకా తేలలేదు" అనడం మేలు.

మరి మిషన్లు పెంచుకుంటూ పోతే చాలదా అంటే, దానికీ హద్దు ఉంది. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క అది. మొత్తం పనిలో పదో వంతు ఒక్కరే చేయవలసింది ఉంటే, మిగతా పనికి ఎంతమందిని పెట్టినా వేగం పది రెట్లకు మించదు. మళ్లీ కండెల అవ్వ దగ్గరకే వచ్చాం.

సగటు మాట నమ్మకండి

"మన పేజీ సగటున సెకనులో అయిదో వంతులో తెరుచుకుంటోంది" అని మేం ఒకసారి గొప్పగా రిపోర్టు ఇచ్చాం. 100 మందిలో 99 మందికి సెకనులో పదో వంతు, ఒక్కరికి 10 సెకన్లు పట్టినా సగటు అంతే వస్తుంది. లెక్క వేసి చూడండి. ఆ ఒక్కరు ఎవరు? యానాంలో బలహీనమైన సిగ్నల్‌తో సరుకు ఎక్కిస్తున్న మన అన్న కావచ్చు. ఇప్పుడు సగటు చూడం. అందరికన్నా ఆలస్యమైనవాళ్లకు ఎంత పట్టిందో చూస్తాం.

ఆలస్యం ఒక్కటే కాదు, పేర్ల దగ్గర కూడా ఇలాగే కొందరికే అన్యాయం జరిగింది. కంప్యూటర్లు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగుకు, అలాగే కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ లిపులకు ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. ఇంగ్లిషులో రాస్తే సోలాపూర్‌కు 7 బైట్లు, తెలుగులో 24. మేం మొదట ఊరి పేరుకు 20 బైట్లే ఇచ్చాం. ఇంగ్లిషులో రాసినవాళ్ల చిరునామా సరిగ్గా వచ్చింది, సొంత లిపిలో రాసుకున్నవాళ్లది తెగిపోయింది. పరాయి రాష్ట్రంలో ఇన్ని తరాలు తెలుగు నిలుపుకున్న మనవాళ్ల ఊరి పేరును మన పేజీయే తెంపింది. అదీ సరిచేశాం.

మేం కోరేది

ఇప్పుడు ప్రతి అమ్మకానికి వారం ముందు మేమే ఒక ప్రోగ్రాము రాసి, వేలమంది ఒకేసారి వచ్చినట్టు మన పేజీ మీదకు తోలుతాం. ఎక్కడ తెగుతుందో చూసి అక్కడ అతుకుతాం. పుస్తకానికి నకలు రోజూ తీస్తాం. ఊరికే తీయడం కాదు, ఆ నకలుతో పేజీ మళ్లీ నిలబడుతుందో లేదో నెలకోసారి నిలబెట్టి చూస్తాం. ఆ తర్వాత జరిగిన అమ్మకాల్లో ఒక్క చీర కూడా ఇద్దరికి పోలేదు. మనకు హాట్‌స్టార్ అంత మిషనరీ అక్కర్లేదు. ఒక మంచి పుస్తకం, దానికి సిద్ధంగా ఒక జోడు, తేలికైన తలుపులు చాలు. అవసరానికి మించి కడితే దాన్ని చూసుకునేవాళ్లు ఉండరు.

సభకు మూడు విన్నపాలు.

మొదటిది, సంఘాల కార్యదర్శులకు. మీ కౌంటరులో చేతిమీద అమ్మిన చీరను అప్పుడే ఫోనులో కొట్టేయండి. సాయంత్రం చూద్దాంలే అంటే, ఈలోగా పేజీ దాన్ని ఇంకొకరికి అమ్మేస్తుంది. మీరు చెప్పనిది ఏ సాఫ్ట్‌వేరుకూ తెలీదు.

రెండోది, తల్లిదండ్రులకు. మేం ముగ్గురం ఎల్లకాలం ఉండం. ఉద్యోగాలు మారతాయి, ఊళ్లు మారతాయి. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే పిల్లల్ని ఇద్దరిద్దరిగా పంపండి. కూర్చోబెట్టి నేర్పుతాం. మీ పిల్లలు మగ్గం చూసి పెరిగారు. ఎక్కడ పని ఆగుతుందో చూసే కన్ను వాళ్లకు ఇంట్లోనే వచ్చింది.

మూడోది, కార్యవర్గానికి. ఇదే ముఖ్యం. ఇకమీదట పేజీ తప్పు వల్ల అమ్మకం చెడితే, నేసినవాళ్ల డబ్బు ఒక్క రోజు కూడా ఆగకూడదని తీర్మానం చెయ్యండి. ఆ నష్టం సమాఖ్య ఖాతాలో రాయండి, మా పేరు మీద రాయండి. కొన్నవాళ్లకు పోయే క్షమాపణలో "తప్పు మా పేజీది, నేతకారులది కాదు" అన్న మాట ఉండాలి.

ఆ పిన్ని ఇంటికి తర్వాత మేం ముగ్గురం వెళ్లాం. జరిగిందంతా చెప్పాం. ఆమె కోప్పడలేదు. టీ ఇచ్చి, "పోగు తెగితే అక్కడే ఆపి అతుక్కోవాలి నాయనా, చూసుకోకుండా నేసుకుంటూ పోతే బట్ట అంతా పోతుంది" అంది. మా కంపెనీల్లో పెద్ద ఇంజనీర్లు ఎన్నో పేజీల్లో చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పింది. ఆ మాట ప్రకారమే ఇప్పుడు పని చేస్తున్నాం. మన పేజీ చూడండి, కొనండి. ఎక్కడైనా పోగు తెగితే వెంటనే మాకు చెప్పండి.